మూడో ఆది రవిక

పోయిన వారం మొయినాబాద్‌లో ఒక కుట్టు దుకాణానికి వెళ్ళాను. దగ్గరి బంధువుల ఇంట్లో శుభకార్యం ఉంది. పట్టుచీర మా అమ్మదే, పాతది. రవిక మాత్రం కొత్తది కావాలి. రోడ్డుకు రెండు వైపులా ఫంక్షన్ హాళ్ళు, ఫామ్‌హౌస్‌ల బోర్డులు, పూలమొక్కల నర్సరీలు. మధ్యలో ఒక వరుస షట్టర్లు. వాటిలో చివరిది ఆ దుకాణం. కౌంటర్ వెనక కూర్చున్న అమ్మాయి నేనిచ్చిన గుడ్డ విప్పి చూసి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆది జాకెట్ తెచ్చిన్రా ఆంటీ?"

"తేలేదు."

"ఏం కాదు. ఇటు రాన్రి, కొలత తీస్కుంట." మెడలో వేలాడుతున్న టేపు తీసి లేచింది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. కావాలని వేయలేదు, కాలు తనంతట తనే వెళ్ళింది. "రేపు ఆది పట్టుకొస్త" అని గుడ్డ అక్కడే వదిలి బయటికి వచ్చేశాను. ఆ అమ్మాయి లోపల ఎవరితోనో ఏదో అని నవ్వడం వినబడింది.

మా ఇంటి ఆడవాళ్ళ ఒంటిమీద టేపు పడదు. ఇది నవ్వే సంగతేనని నాకూ తెలుసు. ఆ ఇల్లు లేదు, ఆ ఆడవాళ్ళు లేరు, ఆ అలవాటుకు కారణమూ లేదు. అయినా కాలికి గుర్తుంది. నాకు తెలిసి ఒకే ఒక్కసారి పడింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. పడడానికి కారణం కూడా నేనే.

మా ఇల్లు చేవెళ్ళ అవతల, ముడిమ్యాల వైపు. ఊళ్ళో దాన్ని బంగ్లా అనేవారు. నాకు ఊహ తెలిసేసరికే సగం గదులకు తాళాలు పడ్డాయి. పై అంతస్తు పావురాలది. వాకిట్లో జీపు నిలిచే చోట నూనె మరక ఉండేది, జీపు ఉండేది కాదు. ఏటా ఏదో ఒక చెలక భూమి చేతులు మారేది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. "ఇంకనించి ఆ దిక్కు ఆడనీకి పోకు" అని మాత్రం నాయనమ్మ నాతో అనేది. ఆ దిక్కు మాది కాకుండా పోయిందని నాకు అలా తెలిసేది.

పోయినవి పోగా మర్యాదలు మిగిలాయి. వాటిలో ఒకటి రవికలది.

దసరా ముందు చేవెళ్ళ నుంచి ముసలి దర్జీ వచ్చేవాడు. కళ్ళద్దాలకు ఒక పక్క పుల్ల పోయి, దారం కట్టుకునేవాడు. బయటి వసారాలో చాప పరిస్తే కూర్చునేవాడు. లోపలి ఆడవాళ్ళను ఆయన ఎన్నడూ చూడలేదు. ఒక్కొక్కరికి కొలత కోసం ఒక్కో ఆది రవిక ఉండేది. దాన్ని తొడుక్కోరు. కర్రపెట్టెలో ఎండిన వేపాకు వేసి దాచిపెడతారు. ఆ పెట్టె మూత తీస్తే వేపాకు, కర్పూరం, పాత చెమట కలిసిన వాసన ఒకటి వచ్చేది. ఆదిని ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పైన చేతిరుమాలు కప్పి వసారాలోకి పంపేవారు. ఆయన దాన్ని కొలుచుకుని, మళ్ళీ రుమాలు కప్పి లోపలికి పంపేవాడు.

చిక్కు ఎక్కడంటే ఆది మారదు, ఒళ్ళు మారుతుంది. మా ఇంట్లో ఆడవాళ్ళు ఊపిరి సగమే పీల్చేవారు. వీపు కాస్త వంచితే చంక దగ్గర కుట్టు పిగిలేది. అందుకని నిటారుగా నడిచేవారు. ఊరివాళ్ళు దాన్ని దొరసానుల నడక అనుకున్నారు. నాకూ ఆ నడకే వచ్చింది, ఇంకా పోలేదు.

అమ్మకు రెండు ఆదులుండేవి. వంగపండు రంగుది పెళ్ళికి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నేను పుట్టాక అది చేతులకు కూడా ఎక్కకపోతే, నాయనమ్మ తన పాత తెల్లరవిక ఒకటి తీసిచ్చి "ఇగ ఇది నీ ఆది" అన్నదట. నాయనమ్మ ఎత్తు వేరు, భుజాలు వేరు. అమ్మ రవికలు మెడ దగ్గర ఎప్పుడూ జారేవి, చేతుల దగ్గర కోసేవి. అమ్మ ఒక్కనాడూ ఏమీ అనలేదు.

దర్జీ ఒక ఏడు రాలేదు. ముసలితనం వల్ల చూపు పోయిందన్నారు. మొయినాబాద్‌లో క్రైస్తవ మిషనరీలు కుట్టు నేర్పే బడి తెరిచింది ఆ ఏడే.

పెంకుటిల్లు ఒకటి కిరాయికి తీసుకున్నారు. గుమ్మం మీద చిన్న కర్ర సిలువ, వాకిట్లో కానుగ చెట్టు. మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు, బడి మానిపించిన ఆడపిల్లలు అక్కడికి వెళ్ళేవారు. నేర్పే టీచరమ్మది సముద్రం వైపు ఊరు. సన్నంచు తెల్లచీర కట్టేది, "రండమ్మా, కూర్చోండమ్మా" అని పిల్లలను కూడా మన్నించి మాట్లాడేది. ఆ మాట తీరుకు మా ఊళ్ళో అందరూ నవ్వుకునేవారు. పిలిచినప్పుడు మాత్రం అందరూ వెళ్ళేవారు.

మా ఇంట్లో బోళ్ళు తోమే అవ్వకు ఒక కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్దది. పొద్దున తల్లితో పాటు వచ్చి, పని అయ్యాక వెనక వసారాలో నాతో పచ్చీసు ఆడేది. ఎప్పుడూ తనే ఓడిపోయేది. అది నిజమైన ఓటమేనని అనుకునేదాన్ని. ఆ పిల్లకు మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. దొంతన్‌పల్లి మనిషి, భార్య చనిపోయింది, ఇద్దరు పిల్లలు. టీచరమ్మ వాళ్ళింటికి వెళ్ళి రెండు మధ్యాహ్నాలు నులక మంచం మీద కూర్చుని మాట్లాడింది. చివరికి మేనమామ ఒక మాటకు దిగివచ్చాడు. ఆ మాట అవ్వ మా వంటింటి గడపలో కూర్చుని, గిన్నె తోముతూ అమ్మకు చెప్పింది.

"మిషిన్ గెల్చుకొని ఇంటికి తెస్తె పెండ్లి మాట ఎత్తడంట దొరసాని. తేకపోతె మాఘమాసంల చేసుడేనంట."

"గెల్చుకునుడేందే?" అంది అమ్మ.

"ఆడ ఒక కాయిదా ఉన్నది. ఆర్నెల్లు నేర్పుతరు. ఆఖర్ల ఒక జాకెట్ కుట్టాలె. ఇంట్లోల్లకు కాదు, బయటోల్లకు. ఆ బయటామె క్రిస్మస్ పండుగనాడు ఆ జాకెట్ తొడుక్కొని అందరి ముంగట నిలవడాలె. మంచిగుంటె మిషిన్ ఇస్తరు."

నాయనమ్మ దేవుడి గదిలోంచే అంది. "మిషిన్ ఇచ్చి మతంల కలుపుకుంటరే, ఎర్రిదాన."

"కలుపుకుంటె కలుపుకోని దొరసాని. పిల్లకు చేతిల పనైతె ఉంటది గదా."

నాయనమ్మ దేవుడి గంట గట్టిగా కొట్టింది.

మొదట్లో నాకు ఏమీ అనిపించలేదు. ఆ పిల్ల పచ్చీసుకు రావడం మానేసింది. గవ్వలు సంచిలోనే ఉండిపోయాయి. సాయంత్రం బస్సు దిగి మా వెనక వాకిలి మీదుగా ఇంటికి పోయేది, మెడలో పసుపుపచ్చ టేపు వేసుకుని. చేతులు మిషన్ నూనె వాసన వేసేవి. నేను పిలిస్తే ఆగేది. ఇదివరకు కూర్చునేది, ఇప్పుడు నిలబడే మాట్లాడేది.

ఒక రోజు అవ్వ ఏదో పనిమీద మొయినాబాద్ వెళ్తుంటే నేనూ బయలుదేరాను. నాయనమ్మ నిద్రలో ఉంది. కుట్టుబడి కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూశాను. వరుసగా ఎనిమిదో పదో మిషన్లు. కాళ్ళు తొక్కుతుంటే వాన పెంకుల మీద పడ్డట్టు చప్పుడు. నేల నిండా గోధుమరంగు కాగితం ముక్కలు, గుడ్డ పీలికలు, రంగు సుద్దముక్కలు. ఆ పిల్ల రెండో వరుసలో ఉంది. నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని కాజా కుడుతోంది. టీచరమ్మ వెనక నుంచి వచ్చి, వంగి చూసి, వీపు మీద చెయ్యి వేసింది.

"బంగారు తల్లీ. ఇంతకంటే బాగా నేను కూడా కుట్టలేనమ్మా."

నా వీపు మీద ఎవరూ ఎన్నడూ అలా చెయ్యి వేయలేదు. మా ఇంట్లో పిల్లలను ముట్టుకుని మెచ్చుకోరు, దిష్టి అంటారు. ఆ చెయ్యి దాని వీపు మీద ఎంతసేపుందో నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

బయటికి వచ్చి నన్ను చూసి ఆ పిల్ల సంతోషపడింది. లోపలికి పరుగెత్తి, కాగితంలో చుట్టి గులాబీ పువ్వు ఆకారం తీపి మురుకు ఒకటి తెచ్చింది. టీచరమ్మ పండుగ కోసం ముందుగా చేసి చూసిందట. "తినున్రి చిన్న దొరసాని, మస్తుంటది."

"మేము తినం" అన్నాను.

అది చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను మర్చిపోయిన" అంది. తరవాత ఆ మురుకు అవ్వ సంచిలో కనబడితే, బస్సులో ఎవరూ చూడకుండా విరిచి తిన్నాను. కొబ్బరి, చక్కెర, యాలకుల వాసన. అంత బాగున్నందుకు కూడా దాని మీదే కోపం వచ్చింది.

మా ఇంట్లోనూ ఒక మిషన్ ఉంది. అమ్మకు పెళ్ళిలో ఇచ్చింది. మధ్య గదిలో లేసు గుడ్డ కప్పి, దాని మీద రేడియో పెట్టేవారు. దొరసానులు కుట్టించుకుంటారు గాని కుట్టరు. ఆ పిల్ల దగ్గర కాజేసిన నీలం సుద్దముక్కతో ఒక మధ్యాహ్నం నా పాత పావడా మీద గీతలు గీశాను. రేడియో దించి, గుడ్డ తీసి, తొక్కాను. మిషన్ ముందుకు పోవాల్సింది వెనక్కి పోయింది. దారం గుత్తిగా చుట్టుకుంది. సూది చూపుడు వేలి గోరులోంచి దిగింది. అరవలేదు. వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ గుడ్డ కప్పి, రేడియో ఎక్కించాను. ఆ పిల్ల చేసే పని నాకు రాదని ఆ రోజు తెలిసింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

అంతవరకైతే ఓర్చుకునేదాన్నేమో. కానీ దాని కళ్ళు మా అమ్మ మీద పడ్డాయి.

పండుగకు జాకెట్ కుట్టడానికి బయటి మనిషి కావాలి గదా. అది వచ్చి వెనక గడపలో నిలబడి, నేలను చూస్తూ అమ్మను అడిగింది. "దొరసాని, మీకు కుడ్తనంటె కోపమొస్తదా?"

అమ్మ నవ్వింది. పెద్దగా ఏం కాదు, ముక్కులోంచి గాలి వదిలినంతే. కానీ అమ్మ నవ్వగా నేను విన్నది చాలా తక్కువ. "నాకు కుడ్తె నీ మిషిన్ పోతదే. దర్జీ తాతకే ఎన్నడు కుదరలె."

"కుదుర్త దొరసాని."

"ఆడ అందరి ముంగట నిలవడాలెనట గదా?"

"మీకు కష్టమైతె వద్దు."

అమ్మ కొంచెం సేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది. "కుట్టు. వస్త" అంది.

ఆ తరవాత అది రోజూ వచ్చేది. అమ్మ నీళ్ళు తోడుతుంటే, బట్టలు ఆరేస్తుంటే, చెట్టు కింద నిలబడి చూసేది. అమ్మ దాన్ని అడిగేది. కాజాలు ఎట్ల కుడ్తరు, చంక కింద అతుకు ఎందుకు పెడ్తరు, టీచరమ్మ ఏమేం చెప్తది. నేను పక్కనే ఉండేదాన్ని. బడిలో నేను ఏం నేర్చుకున్నానో అమ్మ అన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు. వాళ్ళిద్దరి మధ్యా నేను అటూ ఇటూ తిరిగేదాన్ని. వాళ్ళు మాట్లాడుతూనే ఉండేవారు.

ఒక మంగళవారం అమ్మ తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది. "పెట్టెల నా ఆది ఉన్నది, తీసి ఆ పిల్లకు ఇచ్చి రా పో" అంది నాతో.

పెట్టె తెరిచాను. రెండూ ఉన్నాయి. పైన తెల్లది, కింద వంగపండు రంగుది. ఏది ఇవ్వాలో నాకు బాగా తెలుసు. తెలియక చేశానని ఇప్పుడు రాసుకోవడం తేలిక, కానీ అది అబద్ధం. తెల్లది పక్కకు జరిపి, పెళ్ళినాటి రవిక తీశాను. పదహారేళ్ళ పిల్లకు సరిపోయే రవిక. పళ్ళెంలో పెట్టాను. రుమాలు కప్పాను. నాయనమ్మ చూసి ఉంటే ఎంత పద్ధతిగా పట్టుకెళ్తున్నానో అని మెచ్చుకునేది.

ఆ పిల్ల రుమాలు తీసి చూసింది. రవికను అటు తిప్పింది, ఇటు తిప్పింది. చెట్టు కింద జుట్టు విదిలించుకుంటున్న అమ్మ వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"ఇదేనా చిన్న దొరసాని?"

"ఇదే. అమ్మ ఇచ్చింది."

బంగ్లా పళ్ళెంలో వచ్చినదాన్ని ఇది కాదని అనడానికి దానికి నోరు లేదు. అమ్మ ఒంటిమీద టేపు పెట్టడానికి వీలు లేదు. రవిక మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రమంతా నేను చాలా హాయిగా ఉన్నాను. అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. ఆ హాయి మర్నాటికి లేదు. పొద్దున అవ్వ బోళ్ళు తోముతూ అంది. "దొంతన్‌పల్లోల్లు మల్ల మనిషిని పంపిన్రు దొరసాని. మిషిన్ ముచ్చట ఏమైందని అడుగుతున్నరు." గిన్నెకు బూడిద పామే చెయ్యి ఆగిపోయింది. "నా బిడ్డ ఇంక గోలీలాడే పిల్ల దొరసాని. ఆ ఇంట్ల ఇద్దరు పిల్లలను ఎట్ల సాక్తది?"

అప్పుడు చెప్పవచ్చు. పెట్టె తెరిచి తెల్లది పట్టుకుని, పొరపాటైందని, ఒక్క పరుగున ఇచ్చి రావచ్చు. పండుగకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. ప్రతిరోజూ ఇవాళ చెప్పాలి అనుకునేదాన్ని. చెప్పాలంటే ఎందుకు చేశానో చెప్పాలి. దాన్ని చూస్తే నాకు కడుపు మండుతోందని చెప్పాలి. బోళ్ళు తోమే అవ్వ కూతురిని చూసి బంగ్లా పిల్లకు కడుపు మంట. ఆ మాట నా నోట్లోంచి రావడానికి వీల్లేదు. రాలేదు.

పండుగనాడు అమ్మ పొద్దున్నే ముస్తాబైంది. నాయనమ్మ మంచం మీంచి లేవకుండా అంది. "పటేల్ ఇంటి కోడలు బస్సెక్కుతదా?"

"మాటిచ్చిన అత్తమ్మ. పోవాలె" అంది అమ్మ. నాన్న ఆ రోజు పొద్దున్నే ఎటో వెళ్ళిపోయాడు. వద్దన్నట్టూ కాదు, సరేనన్నట్టూ కాదు.

బస్సులో సీటు దొరకలేదు. అమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది. అమ్మ బస్సెక్కడం నాకు తెలిసి అదే మొదలు. చేవెళ్ళ దాటేదాకా నా చెయ్యి వదల్లేదు. నా చెయ్యి మంచులా ఉందేమని అడిగింది. చలి అన్నాను.

కుట్టుబడి వాకిట్లో కానుగ చెట్టుకు రంగు కాగితాలు కట్టారు. గులాబీ పువ్వుల మురుకులు, కేకు ముక్కలు పళ్ళేల్లో ఉన్నాయి. పిల్లలు పాట పాడారు. తరవాత ఒక్కొక్కరుగా కుట్టినవాళ్ళు, తొడుక్కున్నవాళ్ళు ముందుకు వచ్చారు. ఆ పిల్ల రవికను వార్తాపత్రికలో చుట్టి తెచ్చింది. అమ్మ దాన్ని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. మేనమామ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నేను ఆ గది తలుపు వైపే చూస్తున్నాను. కుట్టు పిగిలిన చప్పుడు వినబడుతుందేమోనని.

అమ్మ బయటికి వచ్చింది. ఆకుపచ్చ రవిక. భుజాలు భుజాల దగ్గర ఉన్నాయి. మెడ జారలేదు. అమ్మ రెండడుగులు వేసి ఆగింది. ఎందుకు ఆగిందో నాకు అర్థమైంది. అమ్మ నిండా ఊపిరి పీల్చింది. పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చింది.

"ఏందే ఇది" అంది ఆ పిల్లతో, మెల్లగా. "తొడుక్కున్నట్టే లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అంతటితో అయిపోతే బాగుండేది. కానీ ఆ బడికి ఇంకో పద్ధతి ఉంది. కొత్త రవిక కొలతలను ఆదితో సరిచూడాలి. టీచరమ్మ కొత్తదాని కొలతలు రాసిన కాగితం ఒక చేత్తో, ఆ పిల్ల తెచ్చిన ఆది ఇంకో చేత్తో పట్టుకుంది. వంగపండు రంగు రవికను బల్ల మీద పరిచి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"ఏమిటమ్మా ఇది? చుట్టుకొలతే నాలుగంగుళాలు తేడా ఉంది. ఆది చూసి కత్తిరించలేదా?"

అమ్మ బల్ల మీది రవికను చూసింది. తన పెళ్ళి రవిక. అమ్మ తల నెమ్మదిగా నా వైపు తిరిగింది. నేను నేల చూశాను.

"మాట్లాడమ్మా" అంది టీచరమ్మ.

"ఆది చిన్నగున్నది టీచర్" అంది ఆ పిల్ల. "మల్ల అడగాల్సింది, అడగలె. నాదే తప్పు. రోజు దొరసానిని చూస్త గదా, కండ్లతోనే కొల్సుకున్న."

"కళ్ళతో కొలవడం నేను నేర్పలేదు. అందరికీ ఒకటే పద్ధతి అని చెప్పానా లేదా?"

"చెప్పిన్రు టీచర్."

వెనక ఎవరో ఆడపిల్ల గొణిగింది, తనైతే ఆది ప్రకారమే కుట్టానని. మేనమామ చేతులు విప్పుకుని గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ పిల్ల నా పేరు చెప్పవచ్చు. ఒక్క మాటతో పోయేది. చెప్పలేదు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఇంత కాలం మోయవలసింది ఉండేది కాదు.

అమ్మ ముందుకు వచ్చింది. బల్ల దగ్గర నిలబడి, కొంగు భుజం మీంచి సర్దుకుంది.

"ఆది తప్పు పంపింది మా ఇంటినించి" అంది. "పిల్ల తప్పు లేదు. ఆదిని నమ్మొద్దు అమ్మా, నన్నే కొలువున్రి."

టీచరమ్మకు మా ఇంటి సంగతులు తెలుసు. "మీకు అభ్యంతరం లేదా అండీ?"

"లేదు." అమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. "నువ్వే కొలువు."

ముప్పై మంది ఆడవాళ్ళ ముందు, ఇద్దరు ముగ్గురు మగవాళ్ళ ముందు, మా అమ్మ రెండు చేతులూ పక్కకు ఎత్తి నిలబడింది. ఆ పిల్ల మెడలోంచి టేపు తీసింది. అమ్మ వీపు చుట్టూ టేపు తిప్పి, అంకె చెప్పింది. టీచరమ్మ కాగితంలో చూసి తల ఊపింది. భుజం. చెయ్యి పొడుగు. నడుము. ప్రతిదానికీ టీచరమ్మ తల ఊపింది. పావు అంగుళం తేడా రాలేదు. చివరికి టీచరమ్మ రవిక అంచు మడిచి లోపల చూసి, "ఒళ్ళు పెరిగితే విప్పుకోవడానికి మూడు కుట్లు వేసి, లోపల గుడ్డ కూడా వదిలిందమ్మా" అని అందరికీ చూపించింది.

ఆ పిల్లకు మిషన్ ఇచ్చారు. అవ్వ ఏడ్చింది. మేనమామ కాసేపు నిలబడి, తరవాత తనే ఆ మిషన్‌ను భుజాన ఎత్తుకుని బస్సుదాకా మోశాడు. సంతోషించవలసిన చోట నేను చూస్తున్నది వేరు. అమ్మ చేతులెత్తి నిలబడ్డ తీరు. ఆ పిల్ల టేపు తిప్పడానికి దగ్గరికి వచ్చినప్పుడు, ఒక్క క్షణం అది అమ్మను వాటేసుకున్నట్టే ఉంది. అమ్మ మొహంలో ఆ క్షణం ఉన్న నెమ్మది నేను ఎప్పుడూ రప్పించలేదు. నన్ను కాపాడడానికే అమ్మ ఆ పని చేసిందని తెలుసు. మా ఇంటినించి అంది గాని నా బిడ్డ అనలేదు. అయినా అమ్మ మీద కూడా అసూయ పడ్డాను, దాన్ని అంతగా నమ్మినందుకు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. చేవెళ్ళ దగ్గరపడుతుండగా, అమ్మ కిటికీలోంచి చూస్తూనే అంది.

"నీకు నేర్చుకోవాలని ఉంటె అడగక పోయినవా?"

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. "మనకెందుకది" అన్నాను.

అమ్మ నా చూపుడు వేలు పట్టుకుని చూసింది. గోరు మీద నల్లటి మచ్చ ఇంకా ఉంది. తరవాత వదిలేసింది.

ఇంటికి వచ్చాక అమ్మ ఆకుపచ్చ రవిక విప్పి, ఉతికి, ఆరేసి, కర్రపెట్టెలో పెట్టింది. నాయనమ్మ తెల్లరవిక మడిచి నాయనమ్మకు ఇచ్చేసింది. "ఇగ ఇది నా ఆది" అంది. నాయనమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. అప్పటి నుంచి చివరిదాకా అమ్మ రవికలు ఆ పిల్లే కుట్టింది. అమ్మ నడక మారింది. కాస్త వంగి, నెమ్మదిగా, మామూలు మనిషిలా నడిచేది. నాయనమ్మ పోయాక నిటారు నడక ఇంట్లో నాకొక్కదానికే మిగిలింది.

ఇంక చెప్పడానికి ఎక్కువ లేదు. బంగ్లా పోయింది. ఆ చోట ఇప్పుడు ఎవరిదో ఫామ్‌హౌస్ గోడ ఉంది. కుట్టుబడి ఇంకో ఊరికి మారిందన్నారు. ఆ పిల్ల చేవెళ్ళలో కొన్నేళ్ళు కుట్టి, తరవాత మోకిల వెళ్ళింది. కొత్త ఇళ్ళు లేచిన చోట దుకాణం పెట్టిందని, తనలాంటి పిల్లలను చేర్చుకుని నేర్పుతుందని, పది పన్నెండు మిషన్లున్నాయని విన్నాను. ఆ దారిలో రెండుసార్లు వెళ్ళాను. బోర్డు చూశాను. కారు ఆపించడానికి మొహం చెల్లలేదు. ఈ వయసులో ఒక రవిక కుట్టించుకోవడానికి మోకిల కాకుండా మొయినాబాద్ ఎందుకు వెళ్ళావని అడిగితే, నా దగ్గర ఉన్న జవాబు అదే.

దుకాణం నుంచి వచ్చిన మర్నాడు కర్రపెట్టె తెరిచాను. వేపాకు పొడి అయిపోయింది. ఆకుపచ్చ రవిక రంగు వెలిసింది గాని కుట్టు ఒక్కటీ వదల్లేదు. తొడుక్కుని చూస్తే పట్టలేదు. బ్లేడుతో లోపలి కుట్టు ఒకటి విప్పాను. పట్టలేదు. రెండోది విప్పాను. సరిపోయింది. మూడోది అలాగే ఉంది. అద్దం ముందు నిండా ఊపిరి పీల్చి చూశాను.

దాన్నే పట్టుకెళ్ళి కౌంటర్ మీద పెట్టాను. ఆ అమ్మాయి తిరగేసి, అంచు మడిచి, లోపల వేలు పెట్టి చూసింది. ఈసారి తలెత్తి నన్ను చూసింది.

"ఎవరు కుట్టిన్రు ఆంటీ ఇది? ఇంత బట్ట లోపల ఎవరు వదుల్తరు ఇప్పుడు?"

మా ఇంట్లో బోళ్ళు తోమే అవ్వ కూతురు అనబోయాను. అదే నోటికి ముందు వచ్చింది. ఆగాను.

"మా అమ్మకు చాలా ఇష్టమైన పిల్ల" అన్నాను.